'తగ్గిందా?' అని అడగడం మానుకున్నాక

పోయిన మే నెలలో మిర్యాలగూడలో మా మేనత్త మనవడి పెండ్లికి నేనొక్కడినే వెళ్ళాను. ఫంక్షన్ హాలు గుమ్మంలో పన్నీరు చల్లినప్పటి నుంచి భోజనాలు ముగిసేదాకా, నా భార్య ఎందుకు రాలేదని అడిగిన ప్రతివారికీ ఆమెకు జ్వరమని చెప్పాను. ఆమెకు జ్వరం లేదు. నల్లగొండలో పానగల్లుకు వెళ్ళే దారిలోని మా ఇంటి వెనక గదిలో, కిటికీకి దుప్పటి కట్టుకుని, కళ్ళ మీద తడిగుడ్డ వేసుకుని, మంచం పక్కన బకెట్ పెట్టుకుని పడుకుని ఉన్నది. పార్శ్వపు నొప్పి అని ఉన్నమాటే చెప్పవచ్చు, వెనుక కొన్ని పెండ్లిండ్లలో చెప్పాను కూడా. "తలకాయ నొప్పికే పెండ్లి ఎగ్గొడ్తరా ఎవరన్న?" అని మా పెద్దమ్మ పదిమందిలో అన్నాక చెప్పడం మానుకున్నాను. జ్వరానికున్న మర్యాద మన దగ్గర తలనొప్పికి లేదు. జ్వరమంటే రక్తపరీక్ష చేయించారా అని అడుగుతారు, తలనొప్పి అంటే టీ తాగి రావలసింది కదా అంటారు.

ఆ సాయంత్రం తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు నన్ను తొలిచింది ఆ అబద్ధం కాదు. ఆ ఐదు గంటలు చీకటి గదికి దూరంగా, బ్యాండు చప్పుడులో, నలుగురితో గట్టిగా మాట్లాడుతూ, గట్టిగా నవ్వుతూ ఉన్నందుకు నాకు కలిగిన హాయి ఉన్నదే, అది నన్ను తొలిచింది. బస్సు వేములపల్లి దాటేసరికి ఆ హాయి అంతా దొంగతనం చేసి తెచ్చుకున్న సొమ్ములా బరువెక్కింది.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. మాకు పెండ్లయి పదహారేండ్లు. నా భార్యకు ఈ నొప్పి పదిహేనో ఏట మొదలైందట. నెలకు ఒకటి రెండుసార్లు వచ్చిపోయే నొప్పి, మా బిడ్డ బడికి వెళ్ళడం మొదలుపెట్టిన కాలానికి నెలలో సగం రోజులను ఆక్రమించింది. పార్శ్వపు నొప్పినే వైద్యులు మైగ్రేన్ అంటారు. దీర్ఘకాలిక మైగ్రేన్ అనే మాటను మాత్రం వాళ్ళు ఊరికే వాడరు. మూడు నెలలకు పైగా, నెలకు 15 రోజులు గానీ అంతకంటే ఎక్కువ గానీ తలనొప్పి ఉండి, అందులో కనీసం 8 రోజులు మైగ్రేన్ లక్షణాలు కనిపిస్తేనే ఆ పేరు పెడతారు. చాలాకాలం పాటు మా ఇల్లు ఆ లెక్కలోకి వచ్చింది.

ఆమె పడే నొప్పిని గురించి నేను రాయలేను, అది ఆమె రాయవలసినది. పక్కన ఉన్నవాడి సంగతే రాస్తాను. నొప్పి ఒకరిదైతే ఏడుపు ఇంకొకరిదా అని ఎవరికైనా అనిపిస్తే అందులో తప్పు లేదు. నేనూ అట్లాగే అనుకుని ఏండ్ల తరబడి నోరు మూసుకున్నాను. ఇది ఆమె చదివి, రెండుచోట్ల కొట్టివేసి, సరేనన్న తర్వాతే ఇక్కడ పెడుతున్నాను.

మందు పనిచేయకపోతే ఒకసారి లేచిన నొప్పి నాలుగు గంటల నుంచి మూడు రోజుల దాకా ఉంటుందని వైద్యగ్రంథాలు చెబుతాయి. ఆ మూడు రోజులు ఇల్లు ఎట్లా ముడుచుకుపోతుందో మాత్రం ఆ గ్రంథాలలో ఉండదు. పోపు పెట్టము, ఎందుకంటే వేగిన ఎండుమిరపకాయ వాసన తలుపు సందులోంచి వెళితే ఆమెకు వాంతి అవుతుంది. కుక్కరు పెట్టము, అన్నం గిన్నెలో వండి గంజి వారుస్తాను. అగరుబత్తి వెలిగించము. కాలింగ్ బెల్ తీగ ఎప్పుడో పీకేశాను. మే నెలలో మా ఊరి ఎండ 44 డిగ్రీలు దాటిన మధ్యాహ్నాలలో కరెంటు పోయిందంటే ఆ గదికి తలుపు తెరిస్తే వెలుగు, మూస్తే ఉక్క. విసనకర్రతో విసురుదామంటే ఆ గాలి తాకిడికే ఆమె నుదురు చిట్లిస్తుంది. నొప్పి ముదిరినప్పుడు చర్మం కూడా ఓర్వదు, దువ్వెన తగిలినా, తలగడ అంచు ఒత్తుకున్నా మంట పుడుతుంది. నుదుటికి శొంఠి గంధం పట్టువేస్తే తగ్గుతుందని మా అత్తమ్మ ఊరినుంచి అరగదీసి తెచ్చిన రోజున, ఆ చేయి తగలకుండా నా భార్య గోడవైపు తిరిగిపోతే, అత్తమ్మ గిన్నె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. ముట్టుకోవడానికి వీలులేని రోగికి సేవ చేయడం ఎట్లాగో మన పెద్దలెవరూ మనకు నేర్పలేదు. కాళ్ళు పిసకడం, తల నిమరడం, పక్కన కూర్చుని ముచ్చట పెట్టడం, ఇవే మనకు తెలిసిన సేవలు. ఆ మూడూ ఇక్కడ పనికిరావు.

అయితే చాకిరీ మనిషిని అంతగా అలసటపెట్టదు. అన్నం వండుతాను, బట్టలు ఆరేస్తాను, బకెట్ కడుగుతాను, అవన్నీ పనులు, చేస్తే అయిపోతాయి. అలసట అంతా నొప్పి లేని రోజులలో ఉన్నది. నొప్పి లేవడానికి కొన్ని గంటల ముందో, ఒకటి రెండు రోజుల ముందో శరీరం కొన్ని గుర్తులు చూపుతుంది. ఆగకుండా ఆవలింతలు రావడం, మెడ పట్టేయడం, ఊరికే చిరాకుపడటం, తీపి తినాలనిపించడం వాటిలో కొన్ని. ఈ సంగతి తెలిసిన నాటి నుంచి నేను నా భార్య ముఖాన్ని రైతు ఆకాశాన్ని చూసినట్టు చూడటం మొదలుపెట్టాను. ఆమె ఆవలిస్తే నా కడుపులో ఏదో జారుతుంది. ఆమె బెల్లం ముక్క నోట్లో వేసుకుంటే అది ఇష్టంతోనా, గుర్తుగానా అని చూస్తాను. సంతోషంగా ఉన్న సాయంత్రం కూడా ఇది ఎన్ని గంటలు ఉంటుందని లోపల ఎవరో లెక్కపెడుతుంటారు. ఏ ఊరికైనా రెండు ఏర్పాట్లు చేసుకోవడం, టికెట్లు రద్దుకు వీలుగా తీసుకోవడం, వస్తామని ఎవరికీ గట్టిగా మాట ఇవ్వకపోవడం, ఇవన్నీ అలవాటై, చివరికి పిలిచేవాళ్ళు పిలవడం మానుకున్నారు. పిలవలేదని కోపం వస్తుంది, పిలిస్తే భయం వేస్తుంది.

ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుపడే సంగతి ఒకటి చెబుతాను. నేను ఆమెను అనుమానించాను.

తలకు స్కాన్ తీయిస్తే ఏమీ లేదని వచ్చింది. కణితి లేదు, గడ్డ లేదు. చేతిలో ఆ కాగితం పట్టుకుని ముందు ఊపిరి పీల్చుకున్నాను, మరి ఏమీ లేకపోతే ఈమెకు ఏమైనట్టు అన్న ఆలోచన వెంటనే వెనక నుంచి వచ్చింది. ఆ యేడు దసరాకు మా చెల్లెలి కుటుంబం వచ్చిన మర్నాడే నొప్పి లేచింది. సంక్రాంతికి మా అన్నవదినలు వచ్చినప్పుడు మళ్ళీ లేచింది. గణితం చెప్పేవాడి బుద్ధి కదా, డైరీ వెనక పేజీలో రెండు వరుసలు గీశాను. ఒకదానిలో నొప్పి లేచిన తేదీలు, రెండోదానిలో మా వైపు చుట్టాలు వచ్చిన తేదీలు. నాలుగు నెలలు ఎవరికీ తెలియకుండా రాశాను. చివరికి తేలిందేమిటంటే, ఆమె తల్లిగారి వాళ్ళు దేవరకొండ నుంచి వచ్చిన రోజులలోనూ నొప్పి అంతే తరచుగా లేచింది. ఎవరు వచ్చారన్నదానితో దానికి పని లేదు. చుట్టాలు వస్తే నిద్ర ఆలస్యమవుతుంది, అందరూ తిన్నాక మూడు గంటలకు తింటుంది, ఇల్లంతా సందడి, పొయ్యి దగ్గర వేడి. ఆకలి, నిద్రలేమి, వేడి, వెలుతురు, ఈ నాలుగూ ఈ నొప్పిని లేపేవాటిలో పేరుమోసినవి.

లెక్క తేలిన సంతోషంలో ఆ పేజీ చింపడం మరిచిపోయాను. పాల లెక్క చూడటానికి డైరీ తీసిన నా భార్య దానిని చూసింది. అరవలేదు, ఏడవలేదు. "లెక్క మంచిగనే చేసిన్రు సారూ" అని డైరీ నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. ఆ మాటకు నా దగ్గర ఈనాటికీ జవాబు లేదు.

స్కాన్‌లో ఏమీ కనిపించకపోవడమే మైగ్రేన్‌లో మామూలని, స్కాన్ తీసేది వేరే జబ్బులు లేవని తేల్చుకోవడానికేనని నాకు తర్వాత తెలిసింది. ఈ నొప్పి వెనక ముఖానికీ తలకూ స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నాడి, దాని కొసల నుంచి విడుదలయ్యే సీజీఆర్‌పీ అనే పదార్థం ఉన్నాయని కనుగొన్నందుకు లార్స్ ఎడ్విన్సన్, పీటర్ గోడ్స్‌బీ, మైకేల్ మాస్కోవిట్జ్, యెస్ ఒలెసెన్ అనే నలుగురికి 2021లో మెదడు పరిశోధనలకిచ్చే బ్రెయిన్ ప్రైజ్ ఇచ్చారు. ఆ పదార్థాన్ని అడ్డుకునే ఇంజెక్షన్లు 2018 నుంచి వాడుకలోకి వచ్చాయి. మన ఆయుర్వేదం సగం తలను చీల్చే నొప్పికి అర్ధావభేదకమని, పొద్దుతో పాటు ఎక్కి పొద్దుతో పాటు దిగే నొప్పికి సూర్యావర్తమని ఎప్పుడో వేర్వేరు పేర్లు పెట్టింది. ప్రపంచంలో వంద కోట్ల మందికి పైగా ఉన్న జబ్బు ఇది. ఇదంతా చదివి మా పెద్దమ్మకు చెబితే ఆమె విన్నది, విని "అయితే దిష్టి తీయించిన్రా?" అన్నది. నవ్వొచ్చింది గాని, నాలుగు నెలలు వరుసలు గీసినవాడిని, ఆమెకంటే నేనేమి మేలు?

అనుమానం కంటే పెద్ద తప్పు ఇంకొకటి ఉన్నది, దానిని అప్పట్లో నేను ప్రేమ అనుకున్నాను. నొప్పి గోలీలు తెచ్చేది నేనే. గడియారం సెంటరు దగ్గరి మెడికల్ షాపులో నేను బండి స్టాండు వేసేలోపే స్ట్రిప్ కౌంటర్ మీద ఉండేది. నొప్పి లేస్తుందన్న అనుమానం వచ్చినా ఒకటి, లేచాక ఒకటి, తగ్గకపోతే ఇంకొకటి. హైదరాబాద్‌లో నరాల వైద్యుని దగ్గరికి వెళ్ళిన మొదటి రోజున ఆయన నెలకు ఎన్ని రోజులు గోలీలు వేసుకుంటున్నారని అడిగితే, ఆమె పది రోజులు కావచ్చునన్నది. కొని తెచ్చేవాడిని కాబట్టి అది ఇరవై దాటుతుందని నాకు తెలుసు. నేను నేల చూశాను. ఆయన నన్నే చూశాడు. మామూలు నొప్పి గోలీలను నెలకు 15 రోజులు గానీ అంతకంటే ఎక్కువ గానీ, రెండు మూడు మందులు కలిసిన గోలీలనైతే, మైగ్రేన్‌కని వాడే ట్రిప్టాన్లు అనే మందులనైతే 10 రోజులు గానీ అంతకంటే ఎక్కువ గానీ, మూడు నెలలకు మించి వాడుతూ పోతే ఆ గోలీలే కొత్తగా తలనొప్పిని పుట్టిస్తాయని ఆయన వివరించాడు. అంటే మంట ఆర్పుతున్నాననుకుని ఇన్నాళ్ళూ నేను మోసింది నీళ్ళు కాదు.

రెండేండ్ల కిందటి వేసవి సెలవులలో ఆయన చెప్పిన ప్రకారం ఆ గోలీలు ఆపించాము. ఆపిన తర్వాత మొదటి కొన్ని రోజులు, ఒక్కొక్కరికి రెండు వారాల దాకా కూడా, నొప్పి మరింత పెరుగుతుందని ముందే చెప్పాడు. చెప్పడం వేరు, ఉండటం వేరు. నాలుగో రాత్రి ఆమె "ఒక్కటి ఇయ్యండి, ఒక్కటంటే ఒక్కటే" అని నా చెయ్యి పట్టుకుని అడిగింది. నేను లేదన్నాను. రెండు గంటలకు మరోసారి అడిగింది. చొక్కా వేసుకుని, బండి తీసుకుని, ఎవరూ లేని రోడ్డు మీద తెరిచి ఉన్న దుకాణం వెతుక్కుంటూ వెళ్ళి, స్ట్రిప్ కొని, ఇంటి సందు మొగదలలో బండి ఆపి అక్కడే కూర్చున్నాను. ఆ గోలీ ఎవరికోసమని నన్ను నేను అడిగింది అక్కడే. ఆమె మూలుగు వినలేకపోతున్నది నేను. ఆ మూలుగు ఆగాలని కోరుకుంటున్నది నేను. ఇన్నేండ్లుగా ఆమె నోట్లో వేసిన ప్రతి గోలీలో సగం నా కోసం వేసినదే. ఆ స్ట్రిప్ చాలాకాలం నా స్కూలు సంచిలో సుద్దముక్కల డబ్బా కింద ఉండిపోయింది.

(ఈ పని ఎవరూ సొంతంగా ఇంట్లో చేయవద్దు. వైద్యుడు మాకు ముందే నివారణ మందు మొదలుపెట్టి, వాంతులకు మందు రాసి, ఎప్పుడు ఆసుపత్రికి రావాలో చెప్పి పంపాడు. ఉన్నట్టుండి, ఎన్నడూ లేనంత తీవ్రంగా నొప్పి వచ్చినా, మాట తడబడినా, ఒక పక్క చేయి కాలు బలం తగ్గినా, జ్వరంతో మెడ బిగుసుకుపోయినా దానిని పార్శ్వపు నొప్పి అనుకుని ఇంట్లో కూర్చోకూడదు.)

నివారణ మందుగా ఆయన రాసింది ప్రొప్రనలాల్. అది బీపీకి కూడా వాడే మందు కాబట్టి, బీపీ లేని పిల్లకు బీపీ గోలీ ఎందుకని అత్తమ్మ నెల రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. ఇటువంటి మందుల ఫలితం తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఆ నిరీక్షణలో రోగికంటే ఇంటివాళ్ళకే ఓపిక తక్కువ. ఏమైతేనేమి, నెలకు ఇరవై రోజుల దగ్గర ఉన్నది మెల్లగా తొమ్మిది, పది రోజులకు వచ్చింది. పోలేదు, పోతుందని ఎవరూ చెప్పలేదు కూడా.

ఆ వానకాలంలో ఒక సాయంత్రం ఉదయసముద్రం కట్ట మీదికి వెళ్ళాము. చెరువు నిండి ఉన్నది. ఎండ వాలిపోయింది కాబట్టి ఆమె నల్ల కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నది. ఇంటికి ఇంత దగ్గర ఉన్నా మేము పానగల్లు గుడికి వెళ్ళి ఎన్నాళ్ళయిందో మాట్లాడుకున్నాము. ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో పొద్దంతా లింగం మీద కదలకుండా నిలిచే నీడను చూడటానికి ఎక్కడెక్కడి వాళ్ళో వస్తారు. "ఆ సామికి ఎన్నడన్న పార్శం లేచిందేమో" అని ఆమె నవ్వింది. చాలా రోజులకు వచ్చిన నవ్వు కాబట్టి నేను దానిని చెడగొట్టకుండా ఊరుకుంటే బాగుండేది. అలవాటుగా అడిగాను, "ఇప్పుడెట్లుంది? పూర్తిగా తగ్గిందా?"

ఆమె చెరువువైపు చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నది: "మీరు గంటకోసారి తలుపు తీసి తగ్గిందా అని అడుగుతరు. తగ్గలేదంటే మీ మొఖం సిన్నగైతది. అది సూడలేక నేను కొంచెం తగ్గిందంటా. అట్లంటే మీరు పోయి బువ్వ తింటరు. మీరు తినాల్నని నేను అబద్ధం చెప్పాలె. నొప్పి ఒక్కటే అయితే పడుదును, మీ ఎదురుచూపు గూడ నేనే మొయ్యాలంటే యాడ మోసేది?"

నేను పెండ్లిండ్లలో చెప్పే జ్వరం అబద్ధం లాంటిదే ఆమె ఇంట్లో రోజూ చెబుతూ ఉన్నదన్నమాట. ఎదుటివాళ్ళు బాధపడకుండా ఉండటానికి ఇద్దరమూ ఒకరికి తెలియకుండా ఒకరం అబద్ధాలు ఆడుతున్నాము. 'తగ్గిందా?' అన్న మాటలో నేను అడిగేది ఆమె క్షేమం కాదనీ, నాకు సెలవు ఎప్పుడనీ ఆమెకు మొదటి నుంచీ వినిపిస్తూనే ఉన్నదేమో. కావాలని అడగలేదు నేను. కాని గోలీ ఎవరికోసమో, ఆ ప్రశ్న కూడా సగం వారికోసమే.

ఆ రోజు నుంచి ఆ మాట మా ఇంట్లో లేదు. ఆమెకు మాట్లాడటం కష్టం కాబట్టి వేళ్ళు పెట్టుకున్నాము. ఒక వేలు చూపితే నీళ్ళు, రెండు వేళ్ళంటే పక్కన ఊరికే కూర్చోవాలి, అరచేయి చూపితే వెళ్ళిపోవాలి. అరచేయి చూపినప్పుడు మొదట్లో నాకు అవమానంగా ఉండేది. ఇప్పుడు ఆ అరచేయిని సెలవు చీటీగా తీసుకుని, మేడ మీదికి వెళ్ళి జవాబు పత్రాలు దిద్దుకుంటాను. అడగకుండా ఉండటం అంత తేలిక కాదని మాత్రం చెప్పాలి. ఎన్నోసార్లు తలుపు గొళ్ళెం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను.

మా బిడ్డ ఇప్పుడు ఏడో తరగతి. చప్పుడు కాకుండా చెప్పులు విప్పడం, గ్లాసు కింద గుడ్డ పెట్టి నీళ్ళు పోసుకోవడం ఆ పిల్లకు ఎవరూ నేర్పలేదు. నాలుగో తరగతిలో ఉండగానే వంటింట్లోకి వచ్చి "నాన్నా, అమ్మ ఇయ్యాల తెల్లగుంది" అని నాకు రహస్యంగా చెప్పేది. నేను ముఖం చదవడం నేర్చుకున్నది ముప్పై ఐదేండ్ల తర్వాత, ఆ పిల్ల తొమ్మిదేండ్లకే నేర్చుకున్నది. దాని బుద్ధికుశలతకు బంధువులు మెచ్చుకుంటారు. నాకు మాత్రం ఆ మెప్పు వింటే గుండె కలుక్కుమంటుంది. పోయిన మార్చిలో పరీక్ష రోజు పొద్దున్నే తనకూ తలనొప్పిగా ఉన్నదని పడుకున్నప్పుడు, లెక్కల పరీక్ష కాబట్టి నాటకమాడుతున్నదని కసిరాను. గంటకు వాంతి చేసుకున్నది. ఈ నొప్పి కుటుంబాలలో దిగివస్తుందని, పిల్లలలో రెండు పక్కలా ఉంటుందని, రెండు గంటలకే తగ్గిపోవచ్చునని అప్పటికే చదివి ఉన్నవాడిని. డైరీలో వరుసలు గీసిన ఆ చెయ్యే మళ్ళీ లేచింది. ఆ పిల్లకు ఇది ఉన్నదా లేదా ఇంకా ఎవరూ తేల్చలేదు. దాని ముఖం కూడా చూస్తూ కూర్చోవడం మొదలుపెడితే నేను ఏమవుతానో తెలియదు.

ఆసుపత్రిలో ఒకసారి నా భార్యతో ఒక ప్రశ్నాపత్రం నింపించారు. మిడాస్ అంటారు. గడిచిన మూడు నెలలలో తలనొప్పి వల్ల ఉద్యోగమో చదువో ఎన్ని రోజులు పోయాయి, ఇంటిపని ఎన్ని రోజులు ఆగింది, పండుగలు, పెండ్లిండ్లు, సరదాలు ఎన్ని రోజులు తప్పాయి అని ఐదు ప్రశ్నలు. మొత్తం 21 రోజులు గానీ అంతకు మించి గానీ వస్తే తీవ్రమైన ఇబ్బంది కింద లెక్క. ఆమెవి రాసి ఇచ్చాక, బయట బెంచీ మీద కూర్చుని అవే ప్రశ్నలకు నా రోజులు లెక్కవేసుకున్నాను. పందొమ్మిది వచ్చాయి. ఆ పత్రం నావంటివాడి కోసం తయారు చేసింది కాదు, దానికి ఆ అంకెను చెప్పే అవసరమూ లేదు. అయినా ఒక అంకె కనిపించాక నాకు కొంత ఊరట కలిగింది. ఏమీ లేనిదానికి నేను అలిసిపోవడం లేదు.

ఆ అలసట ఎక్కడ బయటపడేదంటే తరగతి గదిలో. భిన్నాల లెక్క తప్పు చేసిన పిల్లవాడి మీద అరిచిన అరుపు ఆ పిల్లవాడిది కాదని అరిచిన మరుక్షణమే తెలిసేది. మా స్టాఫ్ రూములో ఒక పెద్ద మేడం ఇది గమనించి, ఒక మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత పెడుతూ, "ఇంట్ల మీ ముచ్చట అడిగేటోళ్ళు ఎవరున్నరు సార్?" అన్నారు. ఎవరూ లేరు. అత్తమ్మ అడిగేది బిడ్డ గురించి, అమ్మ అడిగేది కోడలి గురించి, స్నేహితులు అడిగేది మేడం గురించి. ఆ రాత్రి 14416కు ఫోన్ చేశాను. 2022 అక్టోబరులో ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సేవ అది. తెలుగులోనే మాట్లాడారు. పరిష్కారమేమీ చెప్పలేదు. నేను మాట్లాడుతుంటే మధ్యలో అడ్డుపడకుండా విన్నారు, నిద్ర ఎన్ని గంటలు పోతున్నానని అడిగారు. ఎవరైనా నా నిద్ర గురించి అడగడం అదే మొదటిసారి.

ఇక్కడ ఒక మాట ఆపుకోలేకపోతున్నాను. ఈ జబ్బు మగవాళ్ళ కంటే ఆడవాళ్ళలో రెండు మూడు రెట్లు ఎక్కువ. నేను అన్నం వండి, బట్టలు ఆరేస్తే మా వాడకట్టు అంతా ఎంత మంచి మొగుడని చెప్పుకున్నది. అదే నొప్పి నాకు ఉండి నా భార్య పదహారేండ్లు నా బకెట్ కడిగి ఉంటే దానిని ఎవరూ సేవ అని కూడా అనరు, సంసారం అంటారు. కాబట్టి నా అలసట గురించి రాసేటప్పుడు, ఏ పేరూ లేకుండా ఇంతకు రెట్టింపు అలసట మోస్తున్న కోడండ్లూ, తల్లులూ, ఆడబిడ్డలూ నా వెనక వరుసలో ఉన్నారని నాకు తెలుసు. వాళ్ళకు బ్లాగులు రాసే తీరిక ఉండదు.

రేపు సద్దుల బతుకమ్మ. పోయినేడు ఈ రోజున ఆమె గదిలో ఉన్నది, నేనూ బిడ్డా చిన్న బతుకమ్మను పేర్చి, డీజే చప్పుడుకు దూరంగా నలుగురు ఆడేచోట పెట్టి వచ్చాము. ఈసారి పొద్దుటి నుంచి ఆమె బాగానే ఉన్నది. తంగేడు, గునుగు, బంతి పూలు తెచ్చాము. గునుగు పూలకు రంగులు అద్దింది తనే. పొద్దుగూకాక రెండుసార్లు ఆవలించింది. బిడ్డ నావైపు చూసింది, నేను పూలవైపు చూశాను. సత్తుపిండికి పెసలు ఈ రాత్రే వేయించి పెట్టుకుందామా, రేపు చూసుకుందామా అని ఆమె అడిగింది, నేనైతే వంటింటి తలుపు వేసుకుని ఇప్పుడే వేయిస్తానన్నాను. పూల బుట్ట మీద తడిగుడ్డ కప్పి, బకెట్ కడిగి, మంచం కింద దాని చోట దానిని పెట్టాను.